అగస్టస్ నాణెం మీద ఉన్న ఆ ఇద్దరు ఎవరు? గద్దె వాళ్లకెందుకు దక్కలేదు?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. పాత నాణేల పిచ్చి నాకు ఈమధ్యే పట్టుకుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయని, అవి అగస్టస్, టైబీరియస్ కాలం నాటివని చదివాను. అప్పట్నుంచి అలాంటి నాణేల ఫొటోలు వెతుకుతున్నాను. అగస్టస్‌వి చూస్తుంటే ఒకే రకం మళ్లీ మళ్లీ తగులుతోంది. ఒకవైపు ఆయన తల, నెత్తిన ఆకుల దండ. రెండోవైపు ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యలో రెండు గుండ్రటి డాళ్లు, వాటి వెనక రెండు బల్లేలు. పైన చిన్న గరిటె లాంటిది ఒకటి, వంకీ తిరిగిన కర్ర లాంటిది ఒకటి. చుట్టూ ఉన్న అక్షరాల్లో వీళ్లు "అగస్టస్ కొడుకులు" అని రాసి ఉందట.

నా డౌట్ ఇక్కడే. స్కూల్లో మేం చదువుకున్నదేమో, అగస్టస్ తర్వాత టైబీరియస్ వచ్చాడని. ఆయన అగస్టస్ భార్యకు మొదటి మొగుడి వల్ల పుట్టినవాడు. ఇంట్లో సొంత కొడుకులు ఇద్దరుండగా పెత్తనం ఆయన చేతికెలా పోయింది? ఆ తర్వాత వచ్చిన కలిగులా, క్లాడియస్, నీరోలలో అసలు అగస్టస్ రక్తం ఎవరిలో ఉంది? వంశవృక్షం తెరిచి చూశాను, గీతలన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. పైగా సగం మందికి ఒకటే పేరు. కాస్త మామూలు మాటల్లో చెప్పండి.

రాగిడబ్బు:

వాళ్లు కొడుకులు కాదండీ, మనవలు. గైయస్, లూసియస్. కూతురు జూలియా పిల్లల్ని తాత దత్తత తీసుకున్నాడు. ఇద్దరూ పెళ్లీడుకే పోయారు. అగస్టస్ భార్య లివియా, తన కొడుకు టైబీరియస్ కోసం విషం పెట్టించిందని చెప్తారు. అంతే కథ.

పాతకచేరి:

రాగిడబ్బు గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. కానీ ఈ ఫైలు అంత పలచనిది కాదు.

నేను రెవెన్యూలో చేసి రిటైరయినవాణ్ణి. ఊళ్లో పట్టాదారు పోతే విరాసత్ కోసం, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్చడం కోసం వంశవృక్షం రాయించడం, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచనామా చేయడం, మూడో భార్య పిల్లలు ఎక్కణ్ణుంచో ఊడిపడితే మళ్లీ మొదట్నుంచి రాయడం, ఇదే నా సర్వీసంతా. అందుకేనేమో, రోము చరిత్ర చదివినా నా కళ్లు యుద్ధాల మీద నిలవవు. ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదాని మీదికే పోతాయి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అగస్టస్ సంగతే చూడండి. ఆయనే దత్తుడు. క్రీ.పూ. 63లో పుట్టినప్పుడు ఆయన పేరు గైయస్ ఆక్టేవియస్. తండ్రిది రోముకు దగ్గర్లోని వెలిట్రే అనే ఊరు. డబ్బున్న కుటుంబమే కానీ, వాళ్లింట్లో సెనేట్ గడప తొక్కిన మొదటివాడు ఆ తండ్రే. పిల్లాడికి నాలుగేళ్లప్పుడు ఆయన నోలా అనే ఊళ్లో పోయాడు. తల్లి ఆటియా. ఆమెకు జూలియస్ సీజర్ స్వయానా మేనమామ. అసలు బలమంతా ఈ అమ్మ వైపు నుంచే వచ్చింది. ఆయనంటే పడనివాళ్లు ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచారు. ముత్తాత తాళ్లు పేనేవాడని, తాత డబ్బులు మార్చే వ్యాపారి అని ప్రత్యర్థి ఆంటోనీ ఎద్దేవా చేశాడు. తల్లి తరఫు పూర్వీకుడికి ఒకప్పుడు అత్తరు దుకాణం, మరొకప్పుడు రొట్టెల బట్టీ ఉండేవని కూడా అన్నాడు.

క్రీ.పూ. 44లో సీజర్‌ను చంపాక వీలునామా విప్పితే, ఆస్తిలో ముప్పాతిక భాగం ఈ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి, దాంతోపాటు కొడుకుగా సీజర్ పేరు. వీలునామాలో రాసిన దత్తత చెల్లుతుందా అన్న పేచీ అప్పుడూ వచ్చింది. కుర్రాడు ఘటికుడు. మరుసటి ఏడాది కాన్సుల్ అనే అత్యున్నత పదవిలోకి రాగానే చట్టం చేయించి ఆ దత్తతను పక్కా చేయించుకున్నాడు. క్రీ.పూ. 42లో సీజర్‌ను దేవుడిగా ప్రకటించారు. దాంతో ఈయన దేవుడి కొడుకయ్యాడు. మీరు చూసిన నాణెం మీద తల చుట్టూ ఉన్న అక్షరాల్లో ఆ మాట కూడా ఉంది. ఎంత గొప్ప తండ్రో చూడండి, సంతకం పెట్టేనాటికి ఆయన బతికి లేడు.

అంత పేరు, అంత ఆస్తి చేతికొచ్చినా అగస్టస్‌కు మగపిల్లలు పుట్టలేదు. సంతానం ఒక్కతే, జూలియా. క్రీ.పూ. 39లో పుట్టింది. ఆమె పుట్టిన రోజే తల్లి స్క్రిబోనియాకు విడాకులిచ్చేశాడు. మరుసటి ఏడాది మొదట్లోనే లివియాను చేసుకున్నాడు. లివియా అప్పుడు కడుపుతో ఉంది, అదీ మొదటి భర్త బిడ్డే. చంకలో మూడేళ్ల టైబీరియస్. ఆ మొదటి భర్తే దగ్గరుండి పెళ్లి జరిపించాడు. ఆ తర్వాత అగస్టస్, లివియా యాభై ఏళ్లకు పైగా కాపురం చేశారు. ఒక్క బిడ్డ నెలలు నిండకుండా పుట్టి పోయింది, అంతే.

ఇక వారసుడి వేట. మొదట మేనరికం చేశాడు. అక్క ఆక్టేవియా కొడుకు మార్సెల్లస్‌కు క్రీ.పూ. 25లో జూలియానిచ్చాడు. పిల్లకు పద్నాలుగేళ్లు. రెండేళ్లు తిరక్కుండానే మార్సెల్లస్ జబ్బుచేసి పోయాడు. ఇరవై కూడా నిండలేదు. అగస్టస్ తన కుటుంబం కోసం కట్టిస్తున్న పెద్ద సమాధిలోకి మొదట చేరింది అతనే. అతని పేరుతో కట్టించిన నాటకశాల రోములో ఇప్పటికీ ఉంది. కవి వర్జిల్ అతని మీద రాసిన పంక్తులు చదువుతుంటే ఆక్టేవియా మూర్ఛపోయిందని కథగా చెప్పుకుంటారు.

తర్వాత అగ్రిప్పా. అగస్టస్‌కు చిన్ననాటి స్నేహితుడు, యుద్ధాలన్నీ గెలిచిపెట్టినవాడు. మన భాషలో చెప్పాలంటే కుడి భుజం. "ఆయన్ని ఎంత పెద్దవాణ్ణి చేశావంటే, ఇక అల్లుణ్ణి చేసుకోవాలి, లేదా చంపాలి" అని మైసీనస్ అనే సలహాదారు అన్నట్టు చరిత్రకారుడు డియో రాశాడు. అల్లుణ్ణే చేసుకున్నాడు. చిక్కేమిటంటే అగ్రిప్పాకు అప్పటికే పెళ్లయింది, అదీ ఆక్టేవియా కూతురితోనే. ఆమెకు విడాకులిప్పించి, క్రీ.పూ. 21లో జూలియాను కట్టబెట్టారు. అంటే అక్క కొడుకు పోయి ఖాళీ అయిన చోట, అక్క కూతురి మొగుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆక్టేవియా ఒప్పుకుంది. ఆమె ఓర్పుకు దణ్ణం పెట్టాలి.

జూలియా, అగ్రిప్పాలకు ఐదుగురు. గైయస్ క్రీ.పూ. 20లో, లూసియస్ క్రీ.పూ. 17లో పుట్టారు. చిన్న జూలియా, అగ్రిప్పీనా ఆడపిల్లలు. చివరివాడు తండ్రి చనిపోయాక పుట్టాడు కాబట్టి అతనికి పోస్టుమస్ అని పేరు. లూసియస్ పుట్టిన ఏడాదే తాత ఇద్దరు మగపిల్లల్నీ దత్తత తీసుకున్నాడు. ఎలా తీసుకున్నాడన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. రోములో దత్తత ఉత్తుత్తి అమ్మకంలా సాగేది. సాక్షుల్ని పిలుస్తారు. ఒకడు త్రాసు పట్టుకుని నిలబడతాడు. కొనేవాడు రాగి ముక్కను త్రాసుకు తాకించి, దాన్నే వెల కింద తండ్రి చేతిలో పెడతాడు. లోకాన్నేలే మనిషి తన ఇంట్లో, తన అల్లుడి దగ్గర, చంటిపిల్లాణ్ణీ మూడేళ్లవాణ్ణీ అలా కొనుక్కున్నాడు. కన్నతండ్రి అగ్రిప్పా ఎదురుగానే ఉన్నాడు. కాగితం మీద లెక్క చూస్తే, ఆ రోజు నుంచి జూలియాకు తన కొడుకులే తమ్ముళ్లు. ఇలాంటి వంశవృక్షం నా టేబుల్ మీదికొస్తే తప్పుందని వెనక్కి పంపేవాణ్ణి.

అందుకే నాణెం మీద "అగస్టస్ కొడుకులు" అని ఉంది. మీరడిగిన గరిటె, గైయస్ పొంటిఫెక్స్ అనే పూజారి పదవిలో ఉన్నాడనడానికి గుర్తు. యాగాల్లో ద్రాక్షసారా పోసే గరిటె అది. వంకీ కర్ర లూసియస్‌ది. అతను పక్షుల్ని చూసి శకునం చెప్పే పూజారుల బృందంలో ఉన్నాడు. డాళ్లు, బల్లేలు గుర్రపు దళంవాళ్లు బహూకరించినవి. ఆ కుర్రాళ్లను యువతకు నాయకులని ప్రకటిస్తూ వెండివి ఇచ్చారు. గైయస్‌కు పద్నాలుగేళ్లకే, ఐదేళ్ల తర్వాత కాన్సుల్ అవుతావని ముందే రాసిచ్చేశారు.

పిల్లల్ని తాత చేతుల మీదుగానే పెంచాడు. చదువు తనే చెప్పాడు. తన చేతిరాతలాగే రాయడం ప్రత్యేకంగా నేర్పించాడని సుటోనియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఒక ఉత్తరం కూడా మిగిలింది. క్రీ.శ. 1లో, తన పుట్టినరోజున, సెప్టెంబర్ 23న, తూర్పు దేశాల్లో ఉన్న గైయస్‌కు రాశాడు. మొదలే "నా ముద్దుల గాడిదపిల్లా" అని పిలుపు. నువ్వు దగ్గర లేనప్పుడు ఎప్పుడూ బెంగే గానీ ఇలాంటి రోజుల్లో మరీ ఎక్కువ, ముసలివాళ్లకు గండమని చెప్పే 63వ ఏడు దాటేశాను, మీరు నా చోటును అందుకోవడానికి సిద్ధమవుతుంటే చూస్తూ ఉండాలి అంటాడు. రాజ్యం మాట ఎత్తడు, "నా చోటు" అంటాడు. ఆ ఉత్తరం చదివితే ఆ మనిషి మీద జాలేస్తుంది. జూలియా సంగతి గుర్తొస్తే ఆ జాలి కాస్తా పోతుంది.

అగ్రిప్పా క్రీ.పూ. 12లో పోయాడు. జూలియాను మూడోసారి, ఈసారి టైబీరియస్‌కు ఇచ్చారు. టైబీరియస్‌కు అప్పటికే విప్సానియాతో పెళ్లయింది. ఆమె అగ్రిప్పా మొదటి భార్య కూతురు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఆమె కడుపుతో కూడా ఉంది. బలవంతాన విడాకులిప్పించారు. తర్వాత ఒకసారి దారిలో కనబడితే ఆమెను చూస్తూ ఏడ్చాడట. ఇంకెప్పుడూ ఆమె అతని కంటపడకుండా చూశారని సుటోనియస్ అంటాడు. జూలియాతో కాపురం కుదరలేదు. క్రీ.పూ. 6లో టైబీరియస్ అన్నీ వదిలేసి రోడ్స్ దీవికి వెళ్లి కూర్చున్నాడు.

క్రీ.పూ. 2 ఫిబ్రవరిలో సెనేట్ అగస్టస్‌కు "దేశపిత" బిరుదిచ్చింది. మీ నాణెం మీద ఆ బిరుదు ఉంది, అంటే ఆ ఏడాదికి ముందు కొట్టింది కాదు. సరిగ్గా అదే ఏడాది ఆ పిత, కన్నకూతురి మీద వ్యభిచారం నేరం మోపి పాండటేరియా అనే చిన్న దీవికి పంపేశాడు. ద్రాక్షసారా ఇవ్వకూడదు, తన అనుమతి లేకుండా ఏ మగవాడూ ఆమెను కలవకూడదు. ఎప్పుడో వదిలేసిన స్క్రిబోనియా మాత్రం కూతురి వెంట తనంతట తనే వెళ్లింది. నాణెం మీద కొడుకులు నిలబడి ఉన్నారు, వాళ్లను కన్న తల్లి దీవిలో ఉంది.

ఇప్పుడు విషం సంగతి. లూసియస్ క్రీ.శ. 2లో స్పెయిన్ వెళ్తూ దారిలో మసీలియాలో జబ్బుతో పోయాడు. అంటే ఈనాటి ఫ్రాన్స్‌లోని మార్సే. గైయస్ అర్మేనియాలో ఒక కోట ముట్టడిలో గాయపడ్డాడు, అది మానలేదు. తిరిగొస్తూ క్రీ.శ. 4 ఫిబ్రవరిలో ఇప్పటి టర్కీ దక్షిణ తీరాన లిమైరాలో పోయాడు. ఇద్దరి చావులకూ మధ్య ఏడాదిన్నరే. లివియా చేయి ఉందన్న పుకారును పాతవాళ్లే రాశారు కానీ ఎవరూ సాక్ష్యం చూపలేదు. రోములో కూర్చున్న ముసలావిడ ఆ చివర ఒకణ్ణి, ఈ చివర ఒకణ్ణి చంపించిందంటే నేను పంచనామాలో రాయను. ఆస్తి ఎవరికి చేరిందో వాళ్లే చంపించారని ప్రతి ఊళ్లోనూ అంటారు.

గైయస్ పోయిన కొన్ని నెలలకే, క్రీ.శ. 4 జూన్ 26న, అగస్టస్ టైబీరియస్‌ను దత్తత తీసుకున్నాడు. నలభై దాటిన దత్తపుత్రుడు! అదే రోజు మిగిలిన మనవడు పోస్టుమస్‌ను కూడా తీసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. టైబీరియస్‌కు సొంత కొడుకు ఉన్నా, ముందుగా తమ్ముడి కొడుకు జర్మానికస్‌ను దత్తత తీసుకునేలా చేశాడు. ఎందుకంటారా? జర్మానికస్‌ ఆక్టేవియాకు మనవడు. అగస్టస్ మనవరాలు అగ్రిప్పీనాకు అతన్నే చేశారు. అంటే టైబీరియస్‌ను మధ్యలో నిలబెట్టి, ఆయన తర్వాత పెత్తనం మళ్లీ తన రక్తానికే చేరేలా ముడివేశాడు. తెలివంటే అది.

పోస్టుమస్ మొరటు మనిషన్నారు, క్రీ.శ. 7లో అతన్నీ దీవికి పంపేశారు. మరుసటి ఏడాది చిన్న జూలియాదీ తల్లి దారే. ఈ ముగ్గుర్నీ అగస్టస్ తన ఒంటి మీది పుండ్లు అనేవాడట. క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలాలో, తండ్రి పోయిన అదే గదిలో, ఆయన పోయాడు. ఆ వెంటనే పోస్టుమస్‌ను చంపేశారు. వీలునామా మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "క్రూరమైన విధి నా కొడుకులు గైయస్, లూసియస్‌లను నా నుంచి లాగేసుకుంది కాబట్టి, టైబీరియస్ నాకు వారసుడగుగాక." ఆస్తిలో మూడింట రెండు వంతులు రాసిస్తూ, నువ్వు నాకు మొదటి ఎంపిక కాదని కూడా రాసిచ్చాడు. నా సర్వీసులో కూడా ఇంత కటువు వీలునామా చూడలేదు.

గోదారిగట్టు:

పాతకచేరి గారూ, చాలా థ్యాంక్స్ అండీ. గరిటెకు ఇంత అర్థముందనుకోలేదు. మిగిలిన ముగ్గురి సంగతి కూడా చెప్పేయండి. జర్మానికస్ ముడి నిలబడిందా?

పాతకచేరి:

జర్మానికస్ క్రీ.శ. 19లో ఆంటియోక్ దగ్గర పోయాడు. ఆ చావు మీదా విషం మాటే. ముడి మాత్రం నిలబడింది.

కలిగులా జర్మానికస్, అగ్రిప్పీనాల కొడుకు. అంటే అగస్టస్ మనవరాలి కొడుకు. రక్తం ఉంది. కాకపోతే తాత అగ్రిప్పాది పెద్ద వంశం కాదని, ఆయన మనవడినని చెప్పుకోవడం ఇతనికి నామోషీ.

క్లాడియస్ జర్మానికస్ తమ్ముడు. ఇతనిలో అగస్టస్ రక్తం చుక్క లేదు. ఒక నాయనమ్మ లివియా, ఒక అమ్మమ్మ ఆక్టేవియా. అంటే అగస్టస్ ఇతనికి నాయనమ్మ భర్త, అమ్మమ్మ తమ్ముడు కూడా. ఇంత దగ్గర చుట్టరికం ఉన్నా ఆ వంశంలోకి దత్తత పోలేదు. కలిగులాను చంపాక సైన్యం ఇతన్ని నిలబెడితే, సీజర్ అన్న పేరు తనంతట తనే తగిలించుకున్నాడు. నేనైతే ఇతణ్ణి వేరే ఖాతాలో రాస్తాను.

నీరో తల్లి చిన్న అగ్రిప్పీనా, కలిగులా చెల్లెలు. కాబట్టి నీరో అగస్టస్ మునిమనవరాలి కొడుకు. క్లాడియస్ దత్తత తీసుకున్నాడు.

అసలు తమాషా ఇంకోటుంది. ఆక్టేవియాను ఒకప్పుడు ఆంటోనీకిచ్చి చేశారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక ఆమెను వదిలేసి క్లియోపాత్రా దగ్గరే ఉండిపోయాడు. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర ఓడిపోయి, మరుసటి ఏడాది పొడుచుకుని చచ్చాడు. విగ్రహాలు పడగొట్టారు, పుట్టినరోజును అపశకునపు రోజన్నారు, ఆ ఇంట్లో ఎవరికీ ఇకపై మార్కస్ అని పేరు పెట్టకూడదన్నారు. అయితే ఆ ఇద్దరాడపిల్లలూ మేనమామ ఇంట్లోనే పెరిగారు. చిన్నామె కొడుకులే జర్మానికస్, క్లాడియస్. పెద్దామె కొడుకు కొడుకు నీరో. లెక్కేయండి: క్లాడియస్ ఆంటోనీకి మనవడు, కలిగులా, నీరో మునిమనవలు. అగస్టస్ రక్తం ఇద్దరు చక్రవర్తుల్లో ఉంటే, ఆయన తుడిచిపెట్టేసిన శత్రువు రక్తం ముగ్గురిలో ఉంది. తండ్రి డ్రూసస్ పుట్టినరోజు, తాత ఆంటోనీ పుట్టినరోజు ఒకటే కావడంతో ఆ వేడుక ఇంకా ఘనంగా జరపాలని క్లాడియస్ పట్టుబట్టేవాడట.

చెరువుముందు:

నేను ఇంటర్ పిల్లలకు హిస్టరీ చెప్తాను. ఈ థ్రెడ్‌లో అందరూ కొడుకుల కోసం వెతుకుతున్నారు గానీ, గీత గీసి చూడండి. సీజర్ నుంచి ఆక్టేవియస్‌కు దారి సీజర్ తోబుట్టువు కూతురు ఆటియా. అగస్టస్ నుంచి నీరోకు దారి జూలియా, అగ్రిప్పీనా, మళ్లీ అగ్రిప్పీనా. ఎక్కడా మగవాడు లేడు. దీవులకు పంపింది మాత్రం వాళ్లనే. కూతురి కొడుకును దత్తత తీసుకుని నిలబెట్టడం మనకేం కొత్త కాదు, రుద్రమదేవి తర్వాత వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురి కొడుకే. ఓరుగల్లులో మధ్యలో ఉన్న తల్లిని ఎవరూ దీవికి పంపలేదు.

నీరోతో రక్తం అయిపోయిందనుకోకండి. చిన్న జూలియా కూతురు ఎమిలియా లెపిడా. ఆమె పిల్లలు సైలానస్ ఇంటివాళ్లు. వాళ్లలో పెద్దవాడు మార్కస్. అగస్టస్ పోయిన ఏడాదే పుట్టాడు. అగస్టస్ మనవరాలి మనవణ్ణి చూసి పోయిన మనిషి అని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. ఎంత అదృష్టమో అనుకుంటాం కదా! ఆ పిల్లలకు ఆ పుట్టుకే ఉరితాడయింది.

తమ్ముళ్లలో ఒకడు లూసియస్. ఇతనికి క్లాడియస్ కూతుర్ని ఇస్తామని నిశ్చయం చేశారు. ఆ అమ్మాయి తన కొడుకు నీరోకు కావాలని చిన్న అగ్రిప్పీనా అనుకుంది. చెల్లెలు జూనియా కాల్వినాతో తప్పుడు సంబంధం ఉందని ఇతని మీద నింద వేయించారు. క్రీ.శ. 49లో క్లాడియస్, అగ్రిప్పీనాల పెళ్లి రోజునే ఇతను ప్రాణం తీసుకున్నాడు. కాల్వినాను ఇటలీ నుంచి వెళ్లగొట్టారు. క్రీ.శ. 54లో నీరో వచ్చీరాగానే మార్కస్‌కు విషం పెట్టారు. అతనికి అధికారం మీద ఆశే లేదు, మందకొడి మనిషి. కలిగులా అతన్ని బంగారు గొర్రె అని వెక్కిరించేవాడు. ఇంకో తమ్ముడు డెసిమస్ క్రీ.శ. 64లో నరాలు కోసుకోవాల్సి వచ్చింది. మార్కస్ కొడుకును మరుసటి ఏడాది చంపారు. వీళ్లలో ఎవరూ తిరుగుబాటు చేసి సైన్యం నడిపినవాళ్లు కాదు. పూర్వీకుడు ఎవరన్నదే నేరం.

కాల్వినా ఒక్కతే బతికి బయటపడింది. అగ్రిప్పీనా చచ్చాక నీరో ఆమెను వెనక్కి రానిచ్చాడు. క్రీ.శ. 68లో నీరో పోయాక ఏడాదిన్నరలో ముగ్గురు మారి చివరికి వెస్పాసియన్ వచ్చాడు. ఇతనికి అగస్టస్‌తో ఏ చుట్టరికమూ లేదు. తాత మామూలు సైనికాధికారి, తండ్రి పన్నులు వసూలు చేసినవాడు. అయినా సీజర్ అగస్టస్ అన్న పేర్లు పెట్టుకున్నాడు, తర్వాత వచ్చినవాళ్లూ పెట్టుకున్నారు. ఇతని చివరి రోజుల్లో అగస్టస్ సమాధి తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయని, చక్రవర్తికి చావు శకునమని జనం కంగారుపడ్డారు. "అది నాకు కాదు, జూనియా కాల్వినాకు. అగస్టస్ ఇంటి మనిషి ఆమె" అన్నాడట వెస్పాసియన్. అంటే క్రీ.శ. 79 నాటికీ ఫలానా ఆవిడ ఆ రక్తమని ఊరందరికీ తెలుసన్నమాట. మా క్లాసులో ఇది చెప్తే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి వింటారు, అది నాకు చాలు.

పాతకచేరి:

కాల్వినా సంగతి బాగా గుర్తుచేశారు మేడమ్. సమాధిలోకి పెద్ద జూలియానూ చిన్న జూలియానూ రానివ్వొద్దని అగస్టస్ వీలునామాలోనే రాశాడు. తలుపులు తెరుచుకుంది చిన్న జూలియా మనవరాలి కోసమని వెస్పాసియన్ జోకు వేశాడంటే, ఆయనకు ఆ క్లాజు తెలిసే వేశాడా అని నాకెప్పుడూ అనుమానం.

రాగిడబ్బు:

సరే, విషం మాట వెనక్కి తీసుకోను గానీ పక్కన పెడతాను. నాణేల విషయానికొద్దాం, అడిగింది దాని గురించి కదా.

ఈ గైయస్, లూసియస్ రకం లుగ్డునం టంకశాలలో కొట్టింది. ఇప్పుడు ఆ ఊరు ఫ్రాన్స్‌లోని లియోన్. అగస్టస్ వెండి నాణేల్లో మన దేశంలో ఎక్కువగా దొరికేది ఇదే. క్రీ.పూ. 30లో ఈజిప్టు రోము చేతికి రావడంతో ఎర్ర సముద్రం నుంచి ఓడలు జోరందుకున్నాయి. ఏడాదికి 120 ఓడలు ఇండియా వైపు వెళ్లేవని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. మిరియాలకు, బట్టలకు, రత్నాలకు వాళ్లు ఇచ్చింది ఎక్కువగా నాణేలే. ఇక్కడివాళ్లు ఆ బొమ్మనే నమ్మారు. ఎంతగా అంటే, ఇదే రకాన్ని ఇక్కడ అచ్చుగుద్ది కూడా తయారుచేశారు. క్రీ.శ. 64లో నీరో వెండి పాలు తగ్గించాడు. ఆ తర్వాతి వెండి నాణేలు మన దగ్గర చాలా తక్కువగా దొరుకుతాయి.

గోదారిగట్టు గారూ, మీరు ఎక్కడైనా కొనాలనుకుంటే అక్షరాలు చూడండి. అసలువాటి మీద అక్షరాలు విడివిడిగా, చదవగలిగేలా ఉంటాయి. ఇక్కడి నకళ్ల మీద రాసేవాడికి లాటిన్ రాదు కాబట్టి గీతలు, సున్నాలు, తిరగబడిన అక్షరాలు. గరిటె, వంకీ కర్ర కూడా ఏవో పుల్లల్లా అయిపోతాయి. అగస్టస్ మొహం మీద ఉలి గాటు ఉంటే కంగారుపడొద్దు. దక్షిణాదిలో దొరికిన చాలా నాణేలకు ఆ గాటు ఉంటుంది. లోపలిదాకా వెండేనా అని చూడ్డానికి పెట్టారని కొందరు, ఆ బొమ్మ చెల్లకుండా చేయడానికని కొందరు అంటారు. భూమిలో దొరికిన నిధిలోదని ఎవడైనా రహస్యంగా అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి, అలాంటివి ప్రభుత్వానికి అప్పగించాలి. మీరు చూసిన ఫొటో ఉంటే ఇక్కడ పెట్టండి, రెండువైపులదీ.